శబరి, సీలేరు నదులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గోదావరి డెల్టా. ఫిబ్రవరి దాటిందంటే కాలవ గట్టు మీద ఏ ఇద్దరు కలిసినా ఒకటే మాట: "సీలేరు నీళ్లు వదిలారంటనా?" ఈ మాట వింటూ పెరిగినా ఆ సీలేరు ఎక్కడుందో, ఏ కొండల్లోంచి వస్తుందో చాలా ఏళ్లు నాకు తెలీదు. తెలుసుకుందామని మ్యాపు ముందేసుకుంటే సీలేరు నన్ను శబరి దగ్గరికి, శబరి కొలాబ్ దగ్గరికి, చివరికి పాడేరు కొండల్లోని ఓ చిన్న గెడ్డ దగ్గరికి తీసుకెళ్లాయి. అప్పటి నుంచి తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా ఎదురైన ప్రశ్నలకు జవాబులివి.

శబరి, కొలాబ్, సీలేరు, మాచ్‌ఖండ్, మత్స్యగెడ్డ. ఇవన్నీ వేరువేరు నదులా?

రెండే నదులు, పేర్లు ఐదు. ఒడిశాలో కొలాబ్ అని పిలిచే నదే ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు, మన దగ్గరికి వచ్చేసరికి శబరి అవుతుంది. ఇది పెద్దది. దాని ముఖ్య ఉపనది సీలేరు. ఈ సీలేరుకే ఎగువన మాచ్‌ఖండ్ అని పేరు. ఇంకా పైకి, అది పుట్టిన చోటికి వెళితే అక్కడివాళ్లు మత్స్యగెడ్డ అంటారు.

ఒకే నీటికి ఇన్ని పేర్లేమిటని చిరాకు పడేవాళ్లను చూశాను. నాకైతే ఆ పేర్లే దారి చూపించాయి. ఉత్తరాంధ్ర మన్యంలో పారే నీటిని గెడ్డ అంటారు, కిందికొచ్చాక అదే ఏరు, చింతూరు వైపు చిన్నవన్నీ వాగులు. పేరు వింటే మనం నదికి ఏ భాగంలో ఉన్నామో తెలిసిపోతుంది.

శబరి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, తూర్పు కనుమల్లోని సింకారం కొండల్లో పుడుతుంది. అక్కడి ఎత్తు సుమారు 1,370 మీటర్లు. కొంత దూరం పీఠభూమి మీద నడిచాక జయపురం దగ్గర ఎగువ కొలాబ్ జలాశయంలో ఆగుతుంది. అక్కడి నుంచి కొండ దిగి, అడవుల్లోంచి నైరుతిగా, ఆపైన దక్షిణంగా సాగుతుంది. దారిలో ఒడ్డునే గుప్తేశ్వర్ గుహాలయం ఉంది. అది దాటాక ఒకవైపు ఒడిశా, మరోవైపు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, సుక్మా. చాలా దూరం ఈ రెండు రాష్ట్రాలకూ నదే సరిహద్దు.

కుంట, మోటు ఊళ్ల దగ్గర సీలేరు వచ్చి కలుస్తుంది. మూడు రాష్ట్రాలు ఒకచోట తగిలేది అక్కడే. ఆ తర్వాత శబరి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, చింతూరు, వరరామచంద్రాపురం మండలాల మీదుగా వెళ్లి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 418 కిలోమీటర్లు.

గోదావరికి ఎడమవైపు నుంచి వచ్చే పెద్ద ఉపనదుల్లో ఇది చివరిది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ తర్వాత ఇంద్రావతి, ఆఖరున శబరి. దీన్ని కలుపుకున్నాకే గోదావరి పాపికొండల ఇరుకులోకి దూరుతుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, వరదల సంగతి దగ్గర అవసరం పడుతుంది.

మరి సీలేరు?

దీని దారే అన్నిటికన్నా విచిత్రం. తూర్పు కనుమల్లో మాడుగుల కొండల దగ్గర పుడుతుంది. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. అయినా అటు చూడదు. హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల మీదుగా ఉత్తరానికి నడుస్తుంది. జలపుట్ జలాశయం నింపి, కొంతదూరం ఒడిశా సరిహద్దు వెంబడి వెళ్లి, డుడుమ దగ్గర కిందికి దూకి, ఒక్కసారిగా నైరుతికి తిరుగుతుంది. బలిమెల జలాశయం దాటాక సీలేరు అనే పేరుతో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల మధ్య సరిహద్దుగా దిగి వస్తుంది. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం ఊళ్లు దాటి మోటు దగ్గర శబరిలో పడుతుంది.

అంటే పుట్టిన చోటికి ఎక్కడో దక్షిణాన కలవాల్సిన నీరు ముందు ఉత్తరానికి వెళ్లి, చుట్టు తిరిగి మళ్లీ దక్షిణానికి వస్తుంది.

సముద్రం అంత దగ్గరుండగా ఆ చుట్టుదారి ఎందుకు?

కనుమల శిఖరం ఎక్కడుందో దాన్ని బట్టే అంతా. ఆ కొండలకు తూర్పు వాలులో పడిన వాన శారద, గోస్తనీ లాంటి చిన్న నదుల్లోకి చేరి విశాఖ తీరంలో సముద్రంలో కలిసిపోతుంది. బొర్రా గుహల కింద పారేది గోస్తనీయే, అది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే వాన కాస్త అవతల, పడమటి వాలులో పడితే మత్స్యగెడ్డలో చేరుతుంది. అక్కడి నుంచి మాచ్‌ఖండ్, సీలేరు, శబరి, గోదావరి, ధవళేశ్వరం బ్యారేజీ, మా ఊరి కాలవ. పాడేరు వైపు కొండల్లో ఒక గట్టు మీద నిలబడి ఈ లెక్క వేసుకున్నప్పుడు, కాలి కింద నీళ్లు విడిపోతున్న ఆ చోటు వదిలి రాబుద్ధి కాలేదు.

మత్స్యగుండం, మత్స్యగెడ్డ ఒకటేనా?

గెడ్డ అంటే ఏరు, గుండం అంటే ఆ ఏటిలోని మడుగు. హుకుంపేట మండలం మఠం దగ్గర ఉంది మత్స్యగుండం. అక్కడి చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలని మేత వేస్తారు. శివరాత్రికి జాతర జరుగుతుంది. ఒడ్డున కూర్చుని గుప్పెడు మేత విసిరితే నల్లటి వీపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి నీళ్లు కుతకుతలాడతాయి. ఇంకాస్త కిందికి వెళితే ఇదే నీటి మీద టర్బైన్లు తిరుగుతాయి.

డుడుమ జలపాతం ఏ రాష్ట్రంలో ఉంది?

సరిహద్దులోనే ఉంది, రెండువైపుల వాళ్లూ మాదే అంటారు. ఎత్తు సుమారు 175 మీటర్లు. వెళ్లేవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. జలపాతానికి పైన చిన్న ఆనకట్ట కట్టి నీటిని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి మళ్లించారు. అందుకే వేసవిలో వెళితే రాతిగోడ తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. వానలు బాగా పడ్డాక వెళ్లండి.

శబరికి ఇంకా ఏయే ఉపనదులున్నాయి?

సీలేరు తర్వాత చెప్పుకోవాల్సింది పొట్టేరు. మల్కన్‌గిరి జిల్లా మైదానంలో పారి శబరిలో కలుస్తుంది. పైకి చిన్న నదే గానీ, బలిమెల నీళ్ల పంపకంలో దీని పాత్ర పెద్దది, కింద చెబుతాను.

బస్తర్ వైపు నుంచి కాంగేర్ వస్తుంది. జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయ జాతీయ వనం, తీర్థగఢ్ జలపాతం దాని మీదివే. బస్తర్ అనగానే చాలామందికి చిత్రకోట జలపాతం గుర్తొస్తుంది. అది ఇంద్రావతి మీదిది, శబరికి సంబంధం లేదు. రెండు జలపాతాలూ ఒకే రోజు చూసొచ్చేవాళ్లు రెండు వేర్వేరు నదుల నీళ్లు చూస్తున్నారన్నమాట. ఆ రెండు దారుల నీళ్లూ మళ్లీ గోదావరిలోనే కలుస్తాయి.

మన వైపు చింతూరు మండలంలో వాగులు చాలా ఉన్నాయి: సోకిలేరు, చంద్రవంక, కుయిగూరు, జల్లివారిగూడెం వాగులు. మ్యాపుల్లో సన్నటి గీతలు. వానాకాలంలో మాత్రం ఇవి పొంగితే రోడ్లు తెగిపోతాయి, కుయిగూరు వాగు పొంగితే ఒడిశా వెళ్లే లారీలన్నీ ఆగిపోతాయి. నది పేరు పేపర్లోకి ఎక్కకముందే వాగులు ఊళ్లను విడదీసేస్తాయి.

గోదావరికి శబరి ఎంత నీరిస్తుంది?

శబరి పరీవాహక ప్రాంతం సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు. గోదావరి మొత్తం పరీవాహకం 3 లక్షల 12 వేల పైచిలుకు. ఆ లెక్కన ఆరేడు శాతమే. ప్రాణహితతో పోలిస్తే చాలా చిన్నది. కానీ చోటును బట్టి నీటిని లెక్కేయకూడదు. ఇది తూర్పు కనుమల అడవి. నైరుతి వానలు గట్టిగా పడతాయి, ఆ తర్వాత బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అదీ ఇక్కడే కురుస్తుంది. పైగా జలాశయాల్లో నిలవ చేసిన నీరు ఎండాకాలంలోనూ కిందికి వస్తుంది.

ఈ నదుల మీద ఎన్ని విద్యుత్ కేంద్రాలున్నాయి?

కొండ మీది నుంచి దిగే నీరు కనుక మెట్టు మెట్టుకీ ఒక కేంద్రం కట్టారు. సీలేరు దారిలో పై నుంచి కిందికి చెబుతాను.

మొదటిది మాచ్‌ఖండ్. జలపుట్‌లో సుమారు 34 టీఎంసీలు నిలవచేసి, డుడుమ ఎత్తును వాడుకుని 1955లో కరెంటు ఉత్పత్తి మొదలెట్టారు. సామర్థ్యం 114.75 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. దాని కింద బలిమెల, ఒడిశా విద్యుత్ కేంద్రం, 510 మెగావాట్లు. తర్వాత మన ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, పొల్లూరు దగ్గర దిగువ సీలేరు 460. ఈ చివరి మూడూ కలిపి 725 మెగావాట్లు. శబరి మీద, అంటే కొలాబ్ మీద, ఒడిశాకు ఎగువ కొలాబ్ కేంద్రం ఉంది, 320 మెగావాట్లు.

అదే నీరు ఒక కేంద్రంలోంచి బయటికొచ్చి మరోదాంట్లోకి వెళుతుంది. సాయంత్రం దీపాలు వెలిగే వేళ కరెంటు వాడకం పెరిగినప్పుడు ఈ టర్బైన్లు ఇట్టే అందుకుంటాయి.

బలిమెలలో నీళ్లు రెండు రాష్ట్రాలూ ఎలా పంచుకుంటాయి?

చెరి సగం. మామూలుగా పంపకం అంటే ఒకే నదిలో ఎవరి వాటా వాళ్లు తోడుకోవడం అనుకుంటాం. ఇక్కడ రెండు వాటాలూ రెండు దారులు పడతాయి.

ఒడిశా తన వాటాను సీలేరు లోంచి తప్పించి బలిమెల విద్యుత్ కేంద్రానికి పంపుతుంది. కరెంటు తీశాక ఆ నీరు పొట్టేరు లోయలోకి దిగి మల్కన్‌గిరి పొలాలకు పారుతుంది, మిగిలింది పొట్టేరు ద్వారా శబరిలోకి వెళుతుంది. ఆంధ్రప్రదేశ్ వాటా సీలేరులోనే కిందికొచ్చి ఎగువ సీలేరు, డొంకరాయి, పొల్లూరు కేంద్రాలు తిప్పి మోటు దగ్గర శబరిలో పడుతుంది. బలిమెల దగ్గర విడిపోయిన అన్నదమ్ములు శబరిలో మళ్లీ కలుస్తారు.

డెల్టా రైతులు సీలేరు నీళ్ల కోసం ఎందుకు ఎదురుచూస్తారు?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

సార్వాకి, అంటే వానాకాలం పంటకి, గోదావరిలో నీళ్లకు కొదవుండదు. వరద సముద్రంలోకి పోతుంటే బ్యారేజీ గేట్లు ఎత్తి చూస్తూ ఉంటాం. సంక్రాంతి వెళ్లాక సంగతి మారిపోతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి చేలు పొట్ట మీదికొచ్చే వేళకి గోదావరిలో సహజంగా వచ్చే నీరు బాగా పడిపోతుంది. డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. ధవళేశ్వరం దగ్గర నిలవ చేసుకునేది కొంచెమే, బ్యారేజీ మట్టం నిలబెట్టి కాలవలకు వదలడానికే సరిపోతుంది. అప్పుడు ఆదుకునేది సీలేరు. అక్కడ కరెంటు ఉత్పత్తి చేశాక వదిలే నీరు శబరిలోంచి గోదావరిలోకి వచ్చి బ్యారేజీకి చేరుతుంది. అది చాలకపోతే టర్బైన్లకు పంపకుండా డొంకరాయి నుంచి బైపాస్‌లో అదనంగా వదలమని జలవనరుల శాఖ ఆ కేంద్రాలు నడిపే విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోను అడుగుతుంది.

అందుకే మా దగ్గర వంతులవారీ నీళ్లు మొదలైన రోజుల్లో పేపర్లో వెతికేది ఒకటే అంకె, సీలేరు నుంచి ఎన్ని క్యూసెక్కులు అని. చేను నెర్రెలిచ్చే దశలో రాత్రి పన్నెండింటికి టార్చిలైటు పట్టుకుని బోదెలోకి చెయ్యి పెడితే, నీటి చల్లదనం కన్నా ముందు దాని నడక తగులుతుంది. పారుతోందంటే వచ్చినట్టే. ఆ నీరు జలపుట్ కోసం ఊళ్లు వదిలిన గిరిజనుల నేల మీద నిలిచి వచ్చిందని మా వాళ్లలో చాలామందికి తెలీదు. తెలియాలని నా కోరిక.

ఎగపోటు అంటే ఏమిటి?

కూనవరం దగ్గర గోదావరి ఉప్పొంగినప్పుడు శబరి నీరు అందులోకి దిగలేదు. దిగకపోగా గోదావరి నీరే శబరిలోకి వెనక్కి తన్నుకొస్తుంది. దాన్నే ఎగపోటు అంటారు. దాంతో శబరి పరీవాహకంలో వాన లేకపోయినా చింతూరు, వరరామచంద్రాపురం మండలాల్లో మట్టం పెరుగుతుంది. కుయిగూరు, సోకిలేరు లాంటి వాగుల్లోకీ ఆ పోటు ఎక్కుతుంది. పైన ఎండ కాస్తుంటే కింద ఊరు మునగడం అంటే ఇదే.

2022 జులై 16న భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. ఆ ఏడాది కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తర్వాత అటు వెళ్లినప్పుడు ఒకింటి గోడ చూశాను. కిటికీ పైన, నా తల కన్నా ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రమట్టి గీత. సున్నం వేసినా ఆ గీత మళ్లీ పైకి తేలుతోంది.

భద్రాచలం మట్టం చూస్తే శబరి వరద కూడా తెలిసినట్టేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. భద్రాచలం కూనవరానికి ఎగువన ఉంది. అక్కడి స్కేలు మీద కనిపించే ప్రవాహంలో శబరి నీరు ఉండదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడూ ప్రాణహిత, ఇంద్రావతి, అసలు గోదావరి తెచ్చే నీటికి సంబంధించినవి. ధవళేశ్వరానికి చేరేది ఆ నీరు, దానికి తోడు శబరి నీరు. భద్రాచలంలో కాస్త తక్కువే ఉందని డెల్టావాళ్లు నిశ్చింతగా ఉండకూడదు. కుంట, చింతూరు మట్టాలు కూడా చూడాలి.

ఇంకో మెలిక ఉంది. శబరి బలంగా పొంగిన రోజుల్లో కూనవరం దగ్గర అది గోదావరికి అడ్డు పడుతుంది. దాంతో భద్రాచలంలో వరద తగ్గాల్సినంత వేగంగా తగ్గదు.

పోలవరం కడితే శబరికి ఏమవుతుంది?

జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ మట్టానికి నింపితే నిలవనీరు శబరి, సీలేరు లోయల్లోకి పాకుతుంది. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది ఈ ముంపు కారణంగానే. తమ వైపు ఊళ్లు కూడా మునుగుతాయని ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ రెండు రాష్ట్రాల్లో శబరి, సీలేరు వెంబడి రక్షణ గట్లు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. మొదటి దశలో 41.15 మీటర్ల వరకే నింపాలన్నది ఇప్పటి ఆలోచన.

నేను ఆ ప్రాజెక్టు నీళ్లు అందుకోబోయే వైపు పుట్టినవాణ్ని. అయినా చెబుతున్నాను, పునరావాసం పూర్తికాకుండా మట్టం పెంచడం అన్యాయం. వరదకు మునిగిన ఇంటికి మళ్లీ తిరిగి రావచ్చు, జలాశయంలో కలిసిన ఇంటికి రాలేరు.

ఈ నదుల ఒడ్డున ఎవరుంటారు?

దిగువ శబరి అంతా కోయల ఊళ్లు, కొండల పైన కొండరెడ్లు. పై భాగంలో మాచ్‌ఖండ్ లోయకు చేరువగా బోండాలు, గదబలు, దిదాయిలు ఉంటారు. కోయ మన తెలుగులాగే ద్రావిడ భాష. బోండా, గదబల గుతోబ్ మాత్రం ముండా కుటుంబానివి, మనకు ఏ చుట్టరికమూ లేనివి. ఒకే నది వెంట ఇంత తేడా ఉన్న మాటలు వినిపించడం అరుదు.

బలిమెల జలాశయం నిండాక చిత్రకొండ వైపు 151 ఊళ్లు మూడువైపులా నీళ్లతో బయటి లోకానికి దూరమయ్యాయి. దశాబ్దాల పాటు ఆసుపత్రికైనా సంతకైనా పడవే దిక్కు. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచాక గానీ ఆ ఊళ్లకు బండి వెళ్లలేదు. మన వైపు పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల్లో జలపుట్ నిలవనీటి అవతలి ఊళ్లవాళ్లు నాటు పడవల మీదే దాటుతారు. లైఫ్ జాకెట్ అనేది కనిపించదు.

ఈ దారిలో వెళ్లి చూడాలంటే?

రెండు దారులున్నాయి. రాజమండ్రి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు చేరితే శబరి వంతెన, అక్కడి నుంచి కూనవరం. రెండోది నర్సీపట్నం నుంచి చింతపల్లి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు దాకా. రోడ్డు ఇరుకు, మలుపులు ఎక్కువ, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అయినా నది వెంబడే సాగేది ఇదే, నన్నడిగితే ఇదే ఎంచుకోండి. ఆనకట్టల దగ్గర, విద్యుత్ కేంద్రాల దగ్గర ఫొటోలకు అనుమతి ఉండదు. పొల్లూరు కింద ఎండిన రాళ్ల మీదికి దిగకండి. టర్బైన్లు తిప్పగానే నీరు చెప్పాపెట్టకుండా వస్తుంది.

సంగమం చూడటానికి జనవరి మంచి నెల. కూనవరం వంతెన మీద పొద్దున్నే నిలబడితే కింద శబరి ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా కదులుతుంటుంది. ఎదుట గోదావరి వెడల్పుగా, మట్టిరంగులో ఉంటుంది. రెండూ కలిశాక కూడా ఎడమ ఒడ్డు వెంట కొంతదూరం పచ్చటి చార విడిగా కనిపిస్తుంది. పడవవాళ్లకు ఆ చార అవతల లోతెంతో తెలుసు, వాళ్లనడిగి నీళ్లలో దిగండి.